జంట నక్షత్రాల్లో దూరం చేసే పని: శ్వేత కుబ్జం పక్కన అరుణ కుబ్జం

మృగవ్యాధుడి (ఓరియన్) పాదం దగ్గర నీలి తెలుపులో వెలిగే రిగెల్ నుంచి నేరుగా పడమరకు, చాచిన చేతి పిడికిలితో కొలిస్తే ఒకటిన్నర పిడికిళ్ళ దూరంలో, 40 ఎరిడాని అనే చిన్న చుక్క ఉంటుంది. జనవరి మధ్యలో రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో అనంతపురం నుంచి చూసేవారికి అది దక్షిణ దిక్కున దాదాపు 68 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. దాని ప్రకాశ తరగతి 4.4 (ఈ అంకె పెరిగే కొద్దీ చుక్క మసకబారుతుంది) కనుక ఊరి నడిబొడ్డున వీధిదీపాల వెలుగులో కంటికి ఆనదు. తాడిపత్రి దారిలోనో కళ్యాణదుర్గం దారిలోనో ఊరి వెలుగు వెనకబడేంత దూరం వెళితే తేలికగానే దొరుకుతుంది. నాలుగంగుళాల టెలిస్కోప్‌లో ఆ నారింజ రంగు చుక్కకు కొంచెం ఎడంగా, తొమ్మిదిన్నర తరగతికి చెందిన తెల్లని చుక్క ఒకటి కనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోప్‌తో, గాలి నిలకడగా ఉన్న రాత్రి చూస్తే, ఆ తెల్ల చుక్కను ఆనుకున్నట్టుగా ఇంకా మసకైన మూడో చుక్క ఎర్రగా తోస్తుంది. తెల్లనిది శ్వేత కుబ్జం, ఎర్రనిది అరుణ కుబ్జం. చిన్న టెలిస్కోప్‌తో కళ్ళారా చూడగలిగిన శ్వేత కుబ్జాల్లో ఇంతకన్నా సులువుగా దొరికేది మరొకటి లేదు.

ఇంధనం అయిపోయిన నక్షత్రపు శేషం ఒకటి, ఇంకా వృద్ధాప్యపు ఛాయలే కనిపించని నక్షత్రం మరొకటి పక్కపక్కన ఉండే ఇలాంటి జంటలు అరుదేమీ కాదు. స్లోన్ డిజిటల్ స్కై సర్వే సేకరించిన వర్ణపటాల్లోనే ఇవి మూడు వేలకు పైగా బయటపడ్డాయి. వాటిలో అధిక భాగం ఒకదానికొకటి చాలా దూరంగా ఉండి దేని దారిన అది బతుకుతున్నవి. సుమారు నాలుగో వంతు మాత్రం కొన్ని గంటల్లోనో కొన్ని రోజుల్లోనో ఒక చుట్టు పూర్తిచేసేంత దగ్గరగా ఉన్నవి. నక్షత్రం పుట్టుక నుంచి చావు దాకా దాని ద్రవ్యరాశి ఒక్కటే నిర్ణయిస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఒంటరి నక్షత్రం విషయంలో అది చాలావరకు నిజం. జంట విషయంలో ఆ మాట చాలదు. అవే ద్రవ్యరాశులు గల రెండు నక్షత్రాలు ఎడంగా ఉంటే ఒక రకంగానూ, దగ్గరగా ఉంటే పూర్తిగా వేరే రకంగానూ పరిణమిస్తాయి. ఆ దగ్గరతనంలోనూ మెట్లున్నాయి, ఒక్కో మెట్టు మీద ఒక్కో రకమైన ఖగోళ ఘటన కనిపిస్తుంది.

అరుణ కుబ్జం ద్రవ్యరాశి సూర్యుడి ద్రవ్యరాశిలో 8 శాతం నుంచి 60 శాతం వరకు ఉంటుంది. పాలపుంతలోని నక్షత్రాల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఇవే అయినా, వీటిలో ఒక్కటి కూడా మామూలు కంటికి కనిపించదు. హైడ్రోజన్‌ను ఎంత పొదుపుగా వాడుకుంటాయంటే చిన్నవాటి ఆయుష్షు లక్షల కోట్ల సంవత్సరాలని అంచనా. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలే కాబట్టి, ఇప్పటివరకు ఏ అరుణ కుబ్జమూ సహజంగా చనిపోయి ఉండదు. అయితే వీటిని ప్రశాంతమైన నక్షత్రాలనుకోకూడదు. వీటి అయస్కాంత క్షేత్రాలు బలమైనవి, ఉన్నట్టుండి జ్వాలలు చిమ్ముతాయి. 40 ఎరిడాని జంటలోని అరుణ కుబ్జం కూడా అలా జ్వాలలు చిమ్మేదే.

శ్వేత కుబ్జం సూర్యుడి వంటి నక్షత్రం తన బయటి పొరలన్నీ వదిలేశాక మిగిలిన గర్భభాగం. అందులో కేంద్రక సంలీనం ఆగిపోయింది. మిగిలిన వేడి మెల్లగా బయటికి పోతూ ఉంటుంది, అంతే. 40 ఎరిడాని జంటలోని శ్వేత కుబ్జం సూర్యుడి ద్రవ్యరాశిలో సగానికి పైగా పదార్థాన్ని భూమి వ్యాసానికి ఒకటిన్నర రెట్లు కూడా లేని గోళంలో ఇముడ్చుకుంది. అంతటి ఒత్తిడిలోనూ అది కుప్పకూలకుండా ఆపుతున్నది ఎలక్ట్రాన్ల క్వాంటం పీడనమని 1926లో రాల్ఫ్ ఫౌలర్ చూపాడు. ఆ పీడనానికీ ఒక హద్దు ఉందనీ, సూర్యుడికి సుమారు 1.4 రెట్ల ద్రవ్యరాశి దాటితే అది నిలువరించలేదనీ లెక్కగట్టినవారు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో ఇంగ్లండుకు ఓడలో వెళుతూ మొదలుపెట్టిన ఆ పనికి, ఆ తరువాతి కృషికి 1983లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ జాతి నక్షత్రాలు ఉన్నాయన్న సంగతి మొదట తెలిసింది కూడా 40 ఎరిడాని వల్లనే. విలియం హెర్షెల్ 1783లోనే ఈ జంటను చూశాడు, కానీ అందులోని తెల్ల చుక్క వింత ఏమిటో అప్పుడు తెలిసే అవకాశం లేదు. 1910లో హెన్రీ నోరిస్ రసెల్ మసక నక్షత్రాల వర్ణపటాల గురించి హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఎడ్వర్డ్ పికరింగ్‌ను అడిగినప్పుడు, అక్కడ వర్గీకరణ పని చూస్తున్న విలియమినా ఫ్లెమింగ్ నుంచి జవాబు వచ్చింది: ఆ మసక చుక్క ఎర్రనిది కాదు, వేడిగా ఉండే తెల్లని ఎ తరగతికి చెందినది. అంత వేడిగా ఉండి అంత మసకగా ఉండాలంటే దాని ఉపరితలం నమ్మలేనంత చిన్నదై ఉండాలి. నక్షత్రాల రంగునూ వెలుగునూ పోలుస్తూ రసెల్ గీస్తున్న పటంలో అలాంటి నక్షత్రానికి చోటే లేదు. ఒక వరుసలో ఒదగని ఒక్క చుక్కను పొరపాటుగా కొట్టిపారేయకుండా అలాగే నమోదు చేసి ఉంచడం వల్ల ఎంత ప్రయోజనం కలుగుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

40 ఎరిడానిలోని ఈ రెండు కుబ్జాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి సుమారు 230 సంవత్సరాలు పడుతుంది. వాటి మధ్య సగటు దూరం సూర్యుడికి నెప్ట్యూన్‌కు మధ్య ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ. ఇప్పటి శ్వేత కుబ్జం ఒకప్పుడు ఉబ్బి అరుణ మహాతారగా మారినప్పుడు కూడా దాని అంచు తోటి నక్షత్రం దాకా వచ్చి ఉండదు. బయటి పొరలు వదిలేసి బరువు తగ్గాక పరస్పర ఆకర్షణ సడలి, కక్ష్య ఇంకా విశాలమై ఉంటుంది. ఇక ముందు కూడా వీటి మధ్య చెప్పుకోదగినది ఏదీ జరగదు.

దగ్గరగా పుట్టిన జంట కథ దీనికి పూర్తిగా భిన్నం. రెండింటి మధ్య దూరం భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరం అంతో, దానికి కొన్ని రెట్లో మాత్రమే ఉంటే, పెద్ద నక్షత్రం ఉబ్బినప్పుడు చిన్నది దాని వాయు కవచంలో మునిగిపోతుంది. కవచం లోపల తిరుగుతున్న అరుణ కుబ్జం చుట్టూ ఉన్న వాయువుతో రాపిడి పడి, తన కక్ష్యలోని శక్తిని ఆ వాయువుకు ధారపోస్తూ లోపలికి జారుతుంది. ఆ శక్తితోనే కవచం చెదిరి బయటికి ఎగిరిపోతుంది. నక్షత్రాల జీవితాలతో పోలిస్తే రెప్పపాటు అనదగిన వ్యవధిలో ఇది ముగిసిపోతుందని, కవచం తొలగాక శ్వేత కుబ్జం, అరుణ కుబ్జం అతి చిన్న కక్ష్యలో మిగులుతాయని పోలెండ్ శాస్త్రవేత్త బోదాన్ పచిన్‌స్కీ 1976లో వివరించాడు. ఈ దశలో శక్తి లెక్కలు ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. జంట నక్షత్రాల సిద్ధాంతంలో అన్నిటికన్నా బలహీనమైన అంగం ఇదే, ఎందుకంటే జరుగుతుండగా దీన్ని చూడడం దాదాపు అసాధ్యం. ముగిశాక మిగిలిన జంటల నుంచి వెనక్కి లెక్కగట్టుకోవలసిందే.

అలా మిగిలిన జంటల్లో ఎన్.ఎన్. సర్పెంటిస్‌ను కొంచెం దగ్గరగా చూడాలి. సూర్యుడి ద్రవ్యరాశిలో తొమ్మిదో వంతు ఉన్న అరుణ కుబ్జం, అరవై వేల డిగ్రీలకు కొంచెం తక్కువ వేడి ఉన్న శ్వేత కుబ్జం 3 గంటల 7 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతున్నాయి. వాటి కేంద్రాల మధ్య దూరం సూర్యుడి వ్యాసార్ధం కన్నా తక్కువ. అరుణ కుబ్జం ఎప్పుడూ ఒకే ముఖాన్ని తోటి నక్షత్రం వైపు తిప్పి ఉంచుతుంది. ఆ ముఖం కాగి వెలుగుతూ ఉంటే, రెండో ముఖం తన సహజమైన మసక ఎరుపులోనే ఉండిపోతుంది. అందువల్ల చుట్టు సాగే కొద్దీ జంట వెలుగు నెమ్మదిగా పెరిగి, కాగిన ముఖం మనవైపు పూర్తిగా తిరిగే సమయానికి గరిష్ఠానికి చేరుతుంది. సరిగ్గా ఆ శిఖరం మీదనే అరుణ కుబ్జం వెనక్కి శ్వేత కుబ్జం వెళ్ళాలి అనిపిస్తుంది, కానీ జ్యామితి దానికి అడ్డు. కాగిన ముఖం కనిపించాలంటే శ్వేత కుబ్జం ముందు ఉండాలి. గ్రహణం పట్టేది వెలుగు కనిష్ఠంగా ఉన్నప్పుడే. అప్పుడు రెండు నిమిషాల లోపే వెలుగు వందో వంతు కన్నా తక్కువకు పడిపోయి, ఎనిమిది నిమిషాల లోపు అలాగే ఉండి, పడినంత వేగంగానే తిరిగి లేస్తుంది. వెలుగు పడిపోవడానికి పట్టిన సెకన్లను బట్టి శ్వేత కుబ్జం వ్యాసాన్ని, చీకటి నిలిచిన నిమిషాలను బట్టి అరుణ కుబ్జం వ్యాసాన్ని లెక్కించవచ్చు. వెయ్యికి పైగా కాంతి సంవత్సరాల అవతలి గోళాన్ని గడియారంతో కొలవడమంటే ఇదే. ఈ జంట అనంతపురానికి మే నెల రాత్రుల్లో నడినెత్తికి రెండు డిగ్రీల లోపు నుంచే వెళుతుంది. గ్రహణ సమయాల్లో కనిపించిన చిన్న తేడాలను బట్టి ఇక్కడ గ్రహాలు ఉన్నాయని 2010లో ప్రతిపాదించారు. ఇలాంటి ఇతర జంటల్లో గ్రహాల అంచనాలు తరువాతి కొలతలకు నిలవని అనుభవం ఉంది కాబట్టి దాన్ని ఇంకా ప్రతిపాదనగానే చూడడం మంచిది.

కవచం వదిలించుకున్న జంట అక్కడితో స్థిరపడదు. అరుణ కుబ్జం నుంచి వీచే కణాల గాలి దాని అయస్కాంత రేఖల వెంట చాలా దూరం వెళ్ళి, కోణీయ ద్రవ్యవేగాన్ని, అంటే తిరుగుడులోని ఊపును, మోసుకుపోతుంది. రెండు నక్షత్రాలూ ఒకదానికొకటి ముడిపడి తిరుగుతున్నందున ఆ నష్టం కక్ష్య మీద పడుతుంది. మరీ దగ్గరైన జంటల్లో గురుత్వ తరంగాలు కూడా ఇదే పని చేస్తాయి. కక్ష్య కుంచించుకుపోయే కొద్దీ ప్రతి నక్షత్రానికీ తన ఆకర్షణ చెల్లే ప్రాంతం చిన్నదవుతుంది. ఫ్రెంచి గణితవేత్త ఎడ్వార్డ్ రోష్ పేరుతో పిలిచే ఆ హద్దు చివరకు అరుణ కుబ్జం ఉపరితలాన్ని తాకుతుంది. నిండిన చెరువు కట్ట పొడవునా పొంగదు, మరువ ఉన్నచోటనే దూకుతుంది. అరుణ కుబ్జం పదార్థం కూడా రెండు ఆకర్షణలు సరితూగే ఒకే ఒక్క బిందువు గుండా శ్వేత కుబ్జం వైపు దూకుతుంది.

దూకిన వాయువు నేరుగా శ్వేత కుబ్జం మీద పడదు, ఎందుకంటే అది కక్ష్యా వేగంతో వస్తోంది. చుట్టూ తిరిగి ఒక బిళ్ళగా ఏర్పడి, లోలోపలి రాపిడి వల్ల కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. ఆ బిళ్ళలో పదార్థం పేరుకుని ఒక హద్దు దాటగానే వాయువు అయనీకరణం చెంది, రాపిడి ఒక్కసారిగా పెరిగి, నిల్వ ఉన్నదంతా వేగంగా కిందికి జారుతుంది. హంస మండలంలోని ఎస్.ఎస్. సిగ్ని సుమారు ఏడు వారాలకొకసారి పన్నెండో తరగతి నుంచి ఎనిమిదో తరగతికి లేవడానికి కారణం ఇదే. హార్వర్డ్‌లో లూయిసా వెల్స్ 1896లో దీన్ని గుర్తించింది. దీనికి ముందు 1855లో జాన్ రసెల్ హైండ్ మిథున రాశిలో కనుగొన్న యు జెమినోరం కూడా ఈ కోవదే. శ్వేత కుబ్జం మీదికి చేరిన హైడ్రోజన్ పొర మందమై అడుగున సంలీనం అంటుకుంటే అది నోవా. వెలుగు వేల రెట్లు పెరుగుతుంది. నోవాల మూలం జంట నక్షత్రాలేనన్న గట్టి ఆధారం 1954లో దొరికింది: 1934లో నోవాగా వెలిగిన డి.క్యూ. హెర్క్యులిస్ 4 గంటల 39 నిమిషాలకొకసారి గ్రహణం పట్టే జంట అని మెర్ల్ వాకర్ చూపాడు.

ఇలాంటి జంటల్లో కక్ష్యా కాలం రెండు గంటలకూ మూడు గంటలకూ మధ్య ఉన్నవి చాలా తక్కువ. బరువు తగ్గుతూ వచ్చిన అరుణ కుబ్జం ఆ దశలో కేంద్రం దాకా మరిగే స్వభావం పొందుతుంది, దాని అయస్కాంత గాలి బలహీనపడుతుంది, పదార్థం దూకడం కొంతకాలం ఆగిపోతుంది అన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ.

ఇంతవరకు శ్వేత కుబ్జపు అయస్కాంత క్షేత్రాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అది కోట్ల గౌస్‌ల బలంతో ఉంటే బిళ్ళ ఏర్పడదు. వాయువు అయస్కాంత రేఖల వెంట ధ్రువాల మీదికి నేరుగా కురుస్తుంది, శ్వేత కుబ్జం భ్రమణం కక్ష్యతో ముడిపడిపోతుంది. ఎ.ఎం. హెర్క్యులిస్ అలాంటిదని 1976లో దాని కాంతి ధ్రువణాన్ని (కాంతి తరంగాలు ఎంతవరకు ఒకే దిశలో కంపిస్తున్నాయన్నది) కొలిచినప్పుడు తెలిసింది. అయితే క్షేత్రం బలంగా ఉండి, భ్రమణం ఇంకా ముడిపడకుండా, పదార్థం కూడా దూకకుండా ఉంటే ఏమవుతుంది? ఆ ప్రశ్నకు జవాబు వృశ్చిక రాశిలో దొరికింది.

జ్యేష్ఠా నక్షత్రానికి ఉత్తరంగా, కొంచెం పడమరకు, చాచిన చేతి రెండు మూడు వేళ్ళ వెడల్పు దూరంలో ఏఆర్ స్కార్పీ ఉంది. 1970లలో దీన్ని డెల్టా స్కూటి రకం, అంటే తనంతట తానే ఉబ్బి తగ్గుతూ వెలుగు మారే, ఒంటరి నక్షత్రంగా జాబితాలో చేర్చారు, నలభై ఏళ్ళకు పైగా అది అలాగే ఉండిపోయింది. 2015లో జర్మనీ, బెల్జియం, బ్రిటన్ దేశాల ఔత్సాహిక పరిశీలకులు దీని వెలుగు నిమిషాల వ్యవధిలో కొట్టుకోవడం గమనించారు. వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ మార్ష్ బృందం పెద్ద టెలిస్కోపులతో పరిశీలించి 2016 జులైలో ఫలితాలు ప్రకటించింది: 380 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడి ద్రవ్యరాశిలో మూడో వంతు ఉన్న అరుణ కుబ్జం, వేగంగా తిరిగే శ్వేత కుబ్జం 3.56 గంటల కక్ష్యలో ఉన్నాయి. ముప్పై సెకన్లలో వెలుగు నాలుగు రెట్లు పెరగగలదు. రేడియో తరంగాల నుంచి ఎక్స్ కిరణాల దాకా అంతటా ఆ కొట్టుకోవడం కనిపిస్తుంది. సగటున వెలువడే శక్తి రెండు నక్షత్రాలు విడివిడిగా ఇవ్వగలిగిన మొత్తం కన్నా ఎక్కువ. పైనుంచి పడే పదార్థం ఏదీ లేదు. ఎక్స్ కిరణాలు బలహీనంగా ఉండడం అందుకు సాక్ష్యం. ఆ శక్తి అంతా శ్వేత కుబ్జం భ్రమణం నుంచి వస్తోంది.

ఇందులో ఒక అంకెను నిదానంగా చూడాలి. శ్వేత కుబ్జం తన చుట్టూ తాను తిరగడానికి 117.1 సెకన్లు పడుతుంది, కానీ మెరుపుల మధ్య ప్రధానంగా కనిపించే వ్యవధి 118.2 సెకన్లు. మెరుపు శ్వేత కుబ్జం ఉపరితలం మీదనే పుడితే ఈ రెండు అంకెలూ ఒకటే కావాలి. ఒక భ్రమణం పూర్తయ్యేలోపు అరుణ కుబ్జం తన కక్ష్యలో కొంచెం ముందుకు జరుగుతుంది. శ్వేత కుబ్జం అయస్కాంత ధ్రువం మళ్ళీ దానికి ఎదురుపడాలంటే మరికొంత తిరగాలి. 3.56 గంటల్లో ఒక చుట్టు అన్న లెక్కతో ఆ అదనపు సమయాన్ని గణిస్తే సరిగ్గా ఒక సెకను పైచిలుకు వస్తుంది. అంటే శ్వేత కుబ్జపు క్షేత్రం తోటి నక్షత్రాన్ని దాటిన ప్రతిసారీ అక్కడి ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి దగ్గరగా దూసుకుపోయి వెలుగు చిమ్ముతున్నాయి. ఏ టెలిస్కోప్‌లోనూ రెండుగా విడివడి కనిపించని జంటలో వెలుగు ఏ వైపు పుడుతోందో ఒక్క సెకను తేడా తేల్చి చెప్పింది. ఆ వెలుగు 40 శాతం దాకా ధ్రువణం చెంది ఉందని 2017లో డేవిడ్ బక్లీ బృందం ప్రకటించింది. శ్వేత కుబ్జపు క్షేత్రం 50 కోట్ల గౌస్‌ల వరకు ఉండవచ్చన్నది వారి అంచనా.

ఇక్కడే చిక్కు ఉంది. శ్వేత కుబ్జం ఇంత వేగంగా తిరగాలంటే ఒకప్పుడు దాని మీద చాలా పదార్థం బిళ్ళ ద్వారా పడి ఉండాలి. కానీ ఇంత బలమైన క్షేత్రం ఉంటే బిళ్ళ దగ్గరికే రాలేదు. మొదట క్షేత్రం లేదనీ, శ్వేత కుబ్జం చల్లబడి లోపలి కార్బన్, ఆక్సిజన్ స్ఫటికాలుగా గట్టిపడే దశలో, వేగవంతమైన భ్రమణం తోడై క్షేత్రం పుట్టిందనీ 2021లో మథియాస్ ష్రైబర్ బృందం ప్రతిపాదించింది. ఇప్పటికి ఉన్న వివరణల్లో ఆ వేగాన్నీ ఆ క్షేత్రాన్నీ ఒకేసారి వివరించగలిగినది ఇదే అయినా, దాన్ని ఒకటి రెండు జంటల మీద పరీక్షించి ఖాయం చేయలేము. ఏఆర్ స్కార్పీ వంటి రెండో జంట 2023లో దొరికింది: జె1912-4410 అనే ఆ జంటలో శ్వేత కుబ్జం 5.3 నిమిషాలకొకసారి తిరుగుతుంది, కక్ష్యా కాలం నాలుగు గంటలకు కాస్త పైన.

ఈలోగా రేడియో ఖగోళశాస్త్రం నుంచి మరో దారి తెరుచుకుంది. నెదర్లాండ్స్ కేంద్రంగా పనిచేసే లోఫార్ యాంటెనాలు సప్తర్షి మండలం దిశ నుంచి రెండు గంటలకొకసారి వచ్చే రేడియో స్పందనలను పట్టాయి. అవి అరుణ కుబ్జం, శ్వేత కుబ్జం జంట నుంచే వస్తున్నాయని, స్పందనల వ్యవధి 125.5 నిమిషాల కక్ష్యా కాలానికి సమానమని 2025లో ప్రకటించారు. ఇలాంటి నిదానపు స్పందనలు న్యూట్రాన్ తారల (శ్వేత కుబ్జం కన్నా ఎంతో దట్టమైన నక్షత్ర శేషాల) నుంచే రావాలన్న నమ్మకం దీనితో సడలింది. తక్కువ పౌనఃపున్యాల రేడియో పరిశీలన రాయలసీమకు కొత్త సంగతి కాదు. హిందూపురానికి పొరుగున, కర్ణాటక సరిహద్దు అవతలి గౌరిబిదనూరులో సూర్యుణ్ణి గమనించే అలాంటి యాంటెనాల వరుసలు ఎంతో కాలంగా పనిచేస్తున్నాయి.

ఈ జంటల అధ్యయనంలో రాయలసీమ ఆకాశానికి కొన్ని సహజమైన అనుకూలతలు ఉన్నాయి. వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురం దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. సేద్యానికి శాపమైన ఆ పొడి వాతావరణం వల్ల శీతకాలం పొడుగునా నిర్మలమైన రాత్రులు దొరుకుతాయి. మే నెలలో దుమ్ము, జూన్ నుంచి ఈదురు గాలులు, మబ్బులు అడ్డు వస్తాయి. గండికోట పరిసరాల్లో, నల్లమల అంచున కర్నూలు వైపు పల్లెల్లో ఇంకా చీకటి మిగిలి ఉంది. హైదరాబాద్ సమీపాన రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోప్‌తో గ్రహణ జంట నక్షత్రాల మీద దశాబ్దాల పాటు చేసిన పని తెలుగు నేల మీద ఈ శాస్త్రానికి పునాది ఉందనడానికి నిదర్శనం. కళాశాల స్థాయిలో చేయదగిన పని కూడా తక్కువేమీ కాదు. ఎస్.ఎస్. సిగ్ని, యు జెమినోరం వెలుగును చిన్న టెలిస్కోప్‌తో అంచనా కట్టి, 1911లో ఏర్పడిన అమెరికన్ చర నక్షత్రాల పరిశీలకుల సంఘానికి పంపవచ్చు. ఐరోపాలో ఇంకా చీకటి పడని గంటల్లో భారతదేశపు రేఖాంశం నుంచి తీసిన కొలత ఆ ఖాళీని పూరిస్తుంది.

ఏఆర్ స్కార్పీకి మరికొంత పెద్ద పరికరం కావాలి: పది, పన్నెండు అంగుళాల టెలిస్కోప్, పది సెకన్లకొక చిత్రం తీయగల కెమెరా, జీపీఎస్‌తో సరిచూసిన గడియారం. బ్రిటన్, జర్మనీల నుంచి ఇది దిగంతానికి పదిహేను, పదిహేడు డిగ్రీల పైకి మాత్రమే వస్తుంది. మే చివర అర్ధరాత్రి దాటాక అనంతపురంలో 52 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. శ్వేత కుబ్జం భ్రమణం నెమ్మదిస్తోందని 2018 నుంచి జరిగిన కొలతలు నిర్ధారించాయి. ఆ మందగింపు ఒక్కో చుట్టులో కనిపెట్టలేనంత స్వల్పం కనుక, మెరుపులు రావలసిన క్షణానికీ వచ్చిన క్షణానికీ మధ్య తేడాను ఏళ్ళ తరబడి కూడబెట్టుకుంటూ పోవాలి. భ్రమణం కోల్పోతున్న శక్తి వెలువడుతున్న వెలుగుకు ఎంతవరకు సరిపోతుందో, మిగిలినది ఎటు పోతోందో ఆ వరుస ఎంత పొడవైతే అంత కచ్చితంగా లెక్కకు వస్తుంది.